ఏ ఖలం నుక్తా?

అబ్బా ఇంతెఖాల్ అయి ఏడాది దాటాక, ఒక జుమ్మా రోజు నమాజ్ అయినంక, మేం ముగ్గురం దాలాన్‌లో కూర్చుని ఇల్లు తఖ్సీమ్ చేసుకుందామనుకున్నాం. గొడవలేం లేవు. భయ్యా పిల్లలు పెళ్లీడుకొచ్చారు. నాకు ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆపా బేవా అయినప్పట్నుంచీ కిరాయి ఇంట్లో మిషన్ కుట్టుకుంటూ బతుకుతోంది. ఎవరి హిస్సా వాళ్లకి తేలిపోతే ఎవరి ఫికర్ వాళ్లు చూసుకుంటారు. అంతే.

మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో. వెడల్పు 30 అడుగులు, పొడవు 54. ముందు గలీ, వెనక ఇంకో సన్న గలీ. మొత్తం 1620 చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చదరపు అడుగుల లెక్కన 180 గజాలు. అమ్మీ అబ్బాకంటే ముందే పోయింది. అబ్బాకు కర్జా లేదు, వసీయత్ రాయలేదు. ఇక విరాసత్ లెక్క సాఫ్‌గా ఉంటుంది. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒకటి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, మొత్తం ఐదు పాళ్లు. పాలుకి 36 గజాలు. భయ్యాకు 72, నాకు 72, ఆపాకు 36.

ఆపా ఒక్కటే అడిగింది. వెనక గలీ వైపు, అబ్బా రాసుకునే గది ఉన్న జాగా కావాలంది. సరేనన్నాం. వెనక వైపు అడ్డంగా 30 అడుగుల వెడల్పున ఒక పట్టీ ఆపాది. మిగిలిందాన్ని నిలువుగా సగం చేస్తే ముందు గలీ వైపు మా ఇద్దరివీ. ఆపా పట్టీ లోతు ఎంతుండాలి? 36 గజాలంటే 324 చదరపు అడుగులు, 30తో భాగిస్తే 10.8 అడుగులు. ఈ 10.8ని గుర్తుపెట్టుకోండి. ఈ కహానీ అంతా ఆ పాయింట్ ఎనిమిదిదే.

దస్తావేజులు రాసే ఆయన పారికత్తుకు నక్షా కావాలన్నాడు. పారికత్తు అనే మాట మా బడిలో నేర్చుకున్న ఫారిగ్‌ఖతీయే. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివేటప్పుడు ఇలాంటి మాట ఎదురైనప్పుడల్లా మేలా జాతరలో చుట్టం కనపడ్డంత సంబరంగా ఉండేది. సరే, నక్షా నేనే గీస్తానన్నా. భయ్యా కొడుకు సివిల్ డిప్లొమా చేసి బెంగళూరులో పనిచేస్తాడు. వాడు ఫోన్‌లోనే చెప్పాడు, "చిచ్చా, ఉచితంగా దొరికే డ్రాఫ్టింగ్ ప్రోగ్రాం ఉంది, దించుకో. నాలుగు గీతలే కదా, నేను చెప్తా."

వాడు మొదట చెప్పింది నా తలకెక్కడానికి ఒక పూట పట్టింది. కాగితం మీద గీసేటప్పుడు ముందు స్కేలు అనుకుంటాం, ఇన్ని అడుగులకి ఒక అంగుళం అని. ఇక్కడ అలా కాదట. ఇల్లు 54 అడుగులైతే 54 అడుగులే గీయాలి. కంప్యూటర్‌లో మైదానం ఎంతైనా ఉంటుంది. చిన్నది చేయడం అనేది ప్రింట్ తీసేటప్పటి మాట. జూమ్ చేస్తే గీత పెద్దది కాదు, మనం దగ్గరికి వెళ్తాం. అంతే తేడా.

ఇది అర్థం కాకముందు నేను చేసిన తమాషా చెప్పాలి. "అబ్బా గది" అని పేరు రాయబోయి అక్షరం ఎత్తు 2.5 అని ఉంటే అలాగే ఉంచేశా. నేను పెట్టుకున్న కొలత అడుగులు. ఒక్కో అక్షరం రెండున్నర అడుగుల ఎత్తున లేచింది! గోడలు దాటి పక్కింట్లోకి పోయింది పేరు. వాడు నవ్వి చెప్పాడు, కాగితం మీద రెండున్నర మిల్లీమీటర్ల అక్షరం కావాలంటే, ప్రింట్ నూరో వంతుకి తీస్తాం కాబట్టి, నక్షాలో 250 మిల్లీమీటర్లు పెట్టాలి. అంటే అడుగులో సుమారు 0.82.

ఇక గ్రిడ్. తెర నిండా చుక్కలు, గళ్లు. చూడగానే నాకు అబ్బా మిస్తర్ యాదికొచ్చింది.

అబ్బా కాతిబ్. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ అఖ్బార్‌లో ఏళ్ల తరబడి కితాబత్ చేశాడు. 1990లలో ఇన్‌పేజ్ వచ్చి కాతిబ్‌ల రోజీ పోయాక ఇంటికొచ్చి షాదీ రుఖాలు, దుకాణాల బోర్డులు రాశాడు. మిస్తర్ అంటే ఒక అట్ట. దాని మీద సమాన దూరంలో దారాలు బిగించి ఉంటాయి. కాగితాన్ని దాని మీద పెట్టి బొటనవేలితో రుద్దితే దారాల జాడ కాగితం మీద పడుతుంది. ఆ జాడ వెంబడి రాస్తే సత్ర్ వంకర పోదు. చదివేవాడికి మాత్రం ఆ గీతలు కనపడవు. గ్రిడ్ కూడా ఇంతే, తెర మీదే ఉంటుంది, నక్షాలో భాగం కాదు.

ఇంకో కొలత ఉంది అబ్బా దగ్గర. నుక్తా. రెల్లు ఖలం కొసని ఏటవాలుగా కోస్తే వచ్చే వెడల్పుతో ఒక చుక్క పెడతారు, రుహితన్ ముక్కలా ఉంటుంది. అక్షరాలన్నిటికీ అదే గజం. నస్తాలీఖ్‌లో అలిఫ్ నిలువు మూడు నుక్తాలు. సన్న ఖలంతో రాసినా మూడే, బోర్డు రాసే లావు ఖలంతో రాసినా మూడే. ఖలం మారితే నుక్తా మారుతుంది, దాంతో పాటు అలిఫ్ పెరుగుతుంది, లెక్క మాత్రం మారదు. చిన్నప్పుడు నేను తఖ్తీ మీద రాసి "మూడు నుక్తాలు వచ్చినయ్ అబ్బా" అని చూపిస్తే ఆయన తల ఎత్తకుండా అడిగేవాడు, "కౌన్సే ఖలం కా?" ఏ ఖలం నుక్తా? ఒకసారి అన్న ఖలంతో చుక్కపెట్టి నా ఖలంతో అలిఫ్ రాశా. దొరికిపోయా.

నలభై ఏళ్లు దాటాక మళ్లీ అదే తప్పు చేశా.

ముందు నాలుగు గోడలు గీశా. గ్రిడ్‌లో ఒక గడి ఒక అడుగు. గ్రిడ్‌కు అతుక్కునే స్నాప్ పెట్టుకున్నా, అంటే మౌస్ ఎక్కడ నొక్కినా గీత దగ్గర్లో ఉన్న చుక్కకే పోతుంది. చేయి వణికినా ఫికర్ లేదు. 30, 54, మధ్యలో 15, అన్నీ పూర్తి అంకెలే. ఒక్కటీ తప్పు పోలేదు. హుషారొచ్చింది. ముందు గలీ, వెనక గలీ, పక్కిళ్లు, మూల మీద మసీదు గోడ కూడా గీశా. అవన్నీ ఒకేసారి కనపడాలని జూమ్ తగ్గించా. అప్పుడు గీశా ఆపా గీత. కొలత చూపే అంకెల్లో దశాంశాలు వద్దని నేనే పెట్టుకున్నా కాబట్టి అక్కడ 10 అని పడింది. పక్కన పాయింట్ ఎనిమిది దాక్కుని ఉంటుందిలే అనుకున్నా.

ప్రింట్ తీసుకుని ఆపా ఇంటికి పోయా. ఆపా అద్దాలు పెట్టుకుని చూసింది. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది గానీ ముప్పై ఏళ్లుగా బట్ట కోసి బతికిన మనిషి. నక్షా మీద వేలు పెట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి జరిపింది. పెదాలు కదిలాయి. తర్వాత కాగితం మడిచి నాకిచ్చి "ఠీక్ హై ఛోటే, చాయ్ తాగు" అంది.

ఆ రాత్రి ఎవరి పాలు ఎన్ని గజాలో నక్షాలో రాద్దామని వైశాల్యం అడిగా. ఆపా పట్టీ మీద నొక్కితే 300 చూపించింది. ఇంకోసారి నొక్కా. 300. నాది 660. భయ్యాది 660. 324 ఉండాల్సిన చోట 300! ఇరవై నాలుగు చదరపు అడుగులు, రెండున్నర గజాల పైన, ఆపా జాగాలోంచి లేచి చెరి సగం మా ఇద్దరి జాగాల్లోకి వచ్చేసింది. ఒక మనిషిని ఖబర్‌లో పడుకోబెట్టేంత నేల.

భతీజాకు ఫోన్ చేశా. వాడు అడిగిన మొదటి మాట, "చిచ్చా, ఆ గీత గీసేటప్పుడు ఒక గడి ఎంత?"

కౌన్సే ఖలం కా?

వాడు విడమరిచి చెప్పాడు. దూరంగా పోయేకొద్దీ అడుగుకో చుక్క చొప్పున చూపిస్తే తెర అంతా మసి పూసినట్టవుతుంది. అందుకని ఇలాంటి ప్రోగ్రాం తనంతట తాను చుక్కలు పల్చన చేస్తుంది. నేను వాడినదాంట్లో గడి ఒక్కసారిగా పదింతలవుతుంది. చూడ్డానికి అదే గడి. నిన్న అడుగు, ఇవాళ పది అడుగులు. తెర కింద మూలన గడి ఎంతో రాసి ఉంటుంది గానీ అటువైపు ఎవరు చూస్తారు? వాడు ఆఫీసులో వాడే ఆటోక్యాడ్‌లోనూ దూరం పోతే చుక్కలు పల్చబడతాయట. అందులో గ్రిడ్ వేరు, స్నాప్ వేరు. ఎఫ్7 నొక్కితే గ్రిడ్ కనపడుతుంది లేదా మాయమవుతుంది, ఎఫ్9 నొక్కితే స్నాప్ పడుతుంది లేదా పోతుంది. గ్రిడ్ కళ్ల కోసం, స్నాప్ చేతి కోసం. నా ప్రోగ్రాంలో స్నాప్ కనపడే చుక్కలనే పట్టుకుంది. పది అడుగుల చుక్కలున్నప్పుడు 10.8 దగ్గర నొక్కితే ఇంకెక్కడికి పోతుంది, పదికే పోతుంది.

ఫోన్ పెట్టేశాక ఒక సంగతి తట్టింది. జూమ్ తగ్గించకుండా, గడి ఒక అడుగున్నప్పుడే ఆ గీత గీసుంటే అది 11కి ఎక్కేది. ఆపాకు 330 చదరపు అడుగులు, ఆరు ఎక్కువ. అదే చేయి, అదే నియ్యత్, నొక్కింది కూడా అదే చోట. నేను ఎంత దూరం నుంచి చూశాననేదాన్ని బట్టి ఒకరి హఖ్ అటో ఇటో జరిగింది. ఎక్కువ వచ్చుంటే అప్పుడూ వైశాల్యం చూసి ఇంతే కంగారు పడేవాడినా? వెంటనే పడేవాడినేమో. ఆ ఆలోచన ఇంకా బాధపెట్టింది.

ఫజర్ అయ్యీ అవగానే ఆపా ఇంటికి పోయా. తప్పు జరిగింది ఆపా, గీత పదికి పోయింది, అని చెప్తుంటే ఆపా పిండి కలుపుతూ నా వైపు చూసింది.

"మాలూమ్ రే. ముప్పై పదులు మూడొందలు. నిన్ననే లెక్కపెట్టా. ముప్పైమూడు గజాలొస్తోంది."

"మరి అడగలేదెందుకు?"

"మీరిద్దరూ మాట్లాడుకునే అట్లా గీశారేమో అనుకున్నా. పోనీలే, ఇచ్చినారు కదా అనుకున్నా."

అడపిల్లలకు విరాసత్‌లో హిస్సా ఖురాన్ రాసిచ్చిన హఖ్ అని, సూరె నిసాలో ఇంత వివరంగా పాళ్లు చెప్పి ఉన్నా మన ఇళ్లల్లో బహెన్‌ల చేత "మాఫ్ చేశా" అనిపించుకుని సరిపెట్టేస్తున్నామని నేనే పత్రికలో రెండు మూడుసార్లు రాశా. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. సొంత ఆపా మాత్రం నా గీతలో తప్పు కనపడితే అది కంప్యూటర్ గల్తీ అనుకోలేదు, తమ్ముళ్ల ఫైసలా అనుకుంది. అనుకుని చాయ్ ఇచ్చింది. ఆమె నన్ను షక్ చేసిందని కాదు నా బాధ. షక్ చేసి కూడా ఊరుకోవడం ఆమెకు అంత అలవాటు కావడం. పుట్టినప్పట్నుంచీ ఎన్ని గీతలు ఇలా ఆమె వైపుకి జరిగి ఉంటాయో, ఎన్నింటికి "ఠీక్ హై" అని ఉంటుందో.

లాప్‌టాప్ అక్కడే తెరిచా. ఆపాను పక్కన కూర్చోబెట్టుకున్నా. గ్రిడ్‌కు అతుక్కునే స్నాప్ తీసేశా. వెనక గోడ గీతను పట్టుకుని, దానికి సమాంతరంగా ఇంత దూరంలో ఇంకో గీత కావాలని దూరాన్ని అంకెల్లో కొట్టా, 10.8. మౌస్‌తో నొక్కలేదు. దశాంశాలు రెండు చూపించమన్నా. వైశాల్యం ఆపా చేతనే నొక్కించా. 324. 648. 648. మూడూ ఆపా నోటితో కూడింది, 1620.

అప్పుడే ఆపా ఇంకోటి పట్టింది. "మేస్త్రీ ఈ 10.8ని చూసి పది అడుగుల ఎనిమిది అంగుళాలు అంటే?" నిజమే. 10.8 అడుగులంటే పది అడుగుల తొమ్మిదిన్నర అంగుళాల పైన, కచ్చితంగా 9.6. ఎనిమిది అంగుళాల దగ్గర గోడ లేస్తే ముప్పై అడుగుల పొడవునా ఇంకో నాలుగు చదరపు అడుగులు పోతాయి. నక్షాలో అడుగులు, అంగుళాలు విడివిడిగా రాశాం. ప్రింట్ తీసేటప్పుడు కాగితానికి సరిపడేలా సర్దే ఎంపిక తీసేసి, నూరో వంతు అని చెప్పి తీశా. 54 అడుగులు కాగితం మీద 165 మిల్లీమీటర్లు రావాలి. ఆపా తన కుట్టు టేపుతో కొలిచింది. పదహారున్నర సెంటీమీటర్లు. వచ్చింది.

భయ్యాకు అంతా చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "గోడ మార్కింగ్ రోజు ఆపా ఉండాలి" అన్నాడు. ఉంది. మేస్త్రీ టేపు ఒక కొస పట్టుకుంటే రెండో కొస ఆపా పట్టుకుంది. సున్నం గీత పడే దాకా వదల్లేదు.

అబ్బా మిస్తర్‌ను పంచుకోలేం కదా. దారాలు కొన్ని తెగి అటక మీద పడుంది. ఆపా తీసుకుంటానంది. మొన్న పోతే ఆ గదిలో గోడకు తగిలించి ఉంది. తెగినచోటల్లా మిషన్ దారం కట్టింది. పాత దారాల మధ్య ఎంత దూరం ఉందో ముందు టేపుతో కొలిచే కట్టానని చెప్పింది.