పెనం మీది రొట్టె... పేరు బానక్!

స్కాట్లాండ్ అనగానే మనకు కోటలు, కిల్టులు, విస్కీ గుర్తొస్తాయి. కానీ ఆ దేశానికి 'కేకుల నేల' అని ఓ పాత పేరుంది. కవి రాబర్ట్ బర్న్స్ కూడా వాడిన పేరది. కేకులంటే క్రీము పూసినవి అనుకునేరు! ఓట్స్ పిండితో పెనం మీద కాల్చిన పల్చటి, గట్టి రొట్టెలు. వాటికి అన్నలాంటిది బానక్. దాన్ని అసలు చోటే తిని చూద్దామని స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు బయల్దేరాను.

స్క్రాబ్‌స్టర్ రేవు నుంచి స్ట్రామ్‌నెస్‌కి ఫెర్రీలో గంటన్నర ప్రయాణం. దిగాక ఎటు చూసినా పచ్చిక, ఆవులు, సముద్రం. చెట్లు చాలా తక్కువ. గాలి మాత్రం మనిషిని నిలవనివ్వదు.

కిర్క్‌వాల్‌లో ఓ చిన్న బేకరీలో బానక్ దొరికింది. అరచేయంత వెడల్పు, వేలెడు మందం, మట్టి రంగు. వెన్న రాసి, మీద చీజ్ ముక్క పెట్టుకు తినాలట. మొదటి ముక్కకి కాస్త వగరు, తర్వాత వేయించిన గింజల వాసన. రెండోది అడక్కుండా ఉండలేకపోయాను. చేసే పద్ధతి వింటే మన వంటింట్లో ఉన్నట్టే ఉంటుంది. పిండిలో వంటసోడా, మజ్జిగ కలిపి, చేత్తో అదిమి, ఇనప పెనం మీద రెండువైపులా కాల్చడమే. ఆ పెనాన్ని ఇంగ్లిష్‌లో 'గ్రిడిల్' అంటే, స్కాట్స్ భాషలో అక్షరాలు అటూ ఇటూ మారి 'గిర్డిల్' అయింది. ఫైఫ్ ప్రాంతంలోని కల్రాస్ అనే ఊరు ఈ పెనాలకి ఎంత పేరుపడిందంటే, వాటిని తయారుచేసే హక్కుని 1599లో ఆరో జేమ్స్ రాజు ఆ ఊరి కమ్మరులకే ఇచ్చాడు.

మరి బానక్ అన్న మాట ఎక్కడిది? పాత ఇంగ్లిష్‌లో 'బన్నుక్' అంటే ముక్క. బ్రెటన్ భాషలో దీనికి దగ్గరి మాటకి 'చుక్క, కొంచెం' అని అర్థం. అందుకే కెల్టిక్ భాషల నుంచి వచ్చిందని కొందరు, రొట్టెకి లాటిన్‌లో ఉన్న 'పానిస్' నుంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. పెద్ద బానక్‌ని నాలుగు చేస్తే ఒక్కో ముక్క 'ఫార్ల్'. అది నాలుగో వంతు అనే పాత మాట నుంచి పుట్టింది. అంటే మన 'పావు' అన్నమాట!

పేరు ఒకటే అయినా పిండి మాత్రం ఊరికో రకం. దక్షిణాన సెల్కర్క్‌లో బానక్ అంటే వెన్న, ఎండుద్రాక్ష వేసిన మెత్తటి తీపి రొట్టె. రాబీ డగ్లస్ అనే బేకరు 1859లో అక్కడ దుకాణం పెట్టి దాన్ని ప్రసిద్ధం చేశాడు. బొచ్చు వ్యాపారంతో స్కాట్లు కెనడా చేరితే, వాళ్ళతో పాటు ఈ మాటా వెళ్లింది. అక్కడి ఆదివాసులకు ముందే తమ రొట్టెలున్నాయి. అయినా గోధుమ పిండి బానక్ ఇవాళ వాళ్ల ఇళ్లలోదే.

ఆర్క్నీ బానక్‌కి ప్రాణం 'బేర్' అనే పాతకాలపు బార్లీ. ఉత్తరాది వేసవి పొట్టిది, పగళ్లు పొడుగు. ఆలస్యంగా విత్తినా త్వరగా చేతికొచ్చే ఈ పంట ఆ వాతావరణానికి సరిగ్గా సరిపోతుంది. కానీ దిగుబడి తక్కువ. కొత్త రకాలు వచ్చాక రైతులు దీన్ని వదిలేశారు. పూర్తిగా పోకుండా కాపాడినవాటిలో ఒకటి బర్సేలో 1873లో కట్టిన బారోనీ మిల్లు. ఇప్పటికీ నీటి చక్రమే దాని రాళ్లని తిప్పుతుంది. ముందు గింజల్ని బట్టీలో ఆరబెట్టి, తర్వాత పిండి పడతారు. లోపలికెళ్తే ఆ వాసన చొక్కాకి అంటుకునే వస్తుంది.

మాటకేం, నిఘంటువులో ఎన్నాళ్లైనా బతుకుతుంది. గింజ అలా కాదు. ఎవరో ఒకరు విత్తాలి, మరొకరు పిండి పట్టాలి, ఇంకొకరు కొనుక్కుని తినాలి. ఇందులో ఒక్కటి ఆగినా ఆర్క్నీ బానక్‌కి పేరే మిగులుతుంది. జొన్నలు, కొర్రలు వెనక్కిపోవడం చూసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మీరు అటువైపు వెళ్తే కోటలు చూశాక ఓ బేర్ పిండి ప్యాకెట్ కొనుక్కురండి. కాల్చడానికి మన ఇంట్లో పెనం ఎలాగూ ఉంది!