తొమ్మిది మిల్లీమీటర్లు

హెర్నియా ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనిపించిందని సీటీ తీయించారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్. నాన్నకి 68. మాది చీరాల, పొగాకు ఊరు. ఇరవై ఏళ్లు చుట్ట కాల్చి, నేను ఇంటర్‌లో ఉండగా మానేశాడు. ఆ రాత్రి ఫోన్‌లో నేనేం చదివానో చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ నిదానంగా స్క్రీన్ మీద అంచులు చూపించారు. నున్నగా ఉంటే కొంత ధైర్యం, ముళ్లుముళ్లుగా ఉంటే అనుమానం. లోపలంతా సున్నం పేరుకుంటే చాలావరకు పాత గాయమే. నాన్నది ఎటూ తేలని రకం. 8 దాటింది కాబట్టి మూడు నెలలాగి మళ్లీ సీటీ, లేదంటే పెట్ స్కాన్, లేదంటే సూదితో ముక్క తీయడం. సూది గుచ్చితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు. "పెట్‌లో వెలిగితే కేన్సరే అనుకోకండి, టీబీ కూడా వెలుగుతుంది. మన దేశంలో అదే చిక్కు. మీకెప్పుడైనా టీబీ వచ్చిందా?"

"లేదండీ," అన్నాడు నాన్న, నేల చూస్తూ.

అమ్మ మందుల షాపు దగ్గరుండగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పెళ్లికి రెండేళ్ల ముందు వచ్చిందమ్మా. మదనపల్లె ఆరోగ్యవరంలో ఉన్నా. టీబీ అంటే పిల్లనిస్తారా? మీ అమ్మకి చెప్పకు."

ముందు కోపమొచ్చింది. లోపల అడిగినప్పుడు చెప్పొచ్చు కదా! తర్వాత, పక్కన అమ్మ కూర్చునుందని గుర్తొచ్చింది.

పాత ఫిల్మ్ ఉందట, ట్రంకుపెట్టెలో, పొలం కాగితాల కింద. నలభై ఏళ్లుగా ఎందుకు దాచాడో అడగలేదు. పన్ను రసీదు కావాలని ఏదో సాకు చెప్పి చీరాల వెళ్లి తెచ్చాను. డాక్టరమ్మ దాన్ని లైటుబాక్స్ మీద పెట్టి చాలాసేపు చూశారు. కుడివైపు పైన నీడ ఉంది. కానీ ఈ తొమ్మిది మిల్లీమీటర్లూ ఆ నీడలోవేనని చెప్పలేనన్నారు. పాత టీబీ ఉన్నంత మాత్రాన కేన్సర్ రాదనీ లేదట, ఆ మచ్చల్లోనే పుట్టొచ్చట. నేను ఆ ఫిల్మ్ ఒక్కటీ దొరికితే చాలనుకున్నాను.

నాన్న సూది వద్దన్నాడు. మూడు నెలలు ఆగాం. ప్రతి దగ్గుకీ నేను లెక్క పెట్టుకున్నాను. రెండో సీటీలోనూ 9 మిల్లీమీటర్లే. రెండేళ్లపాటు పెరగకపోతే అప్పుడు వదిలేద్దామన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ ఫైలు సర్దుతూ ఆ పాత ఫిల్మ్ బయటికి తీసింది. నా గుండె ఆగినంత పనైంది.

"దీన్ని మడత పెట్టకే, విరిగిపోతుంది," అంది. "ఆ ట్రంకుపెట్టె సర్దేది నేనేగా."

నాన్నకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. వచ్చే స్కాన్ జనవరిలో.