ఎవరూ వెతకని దెయ్యం

దెయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెప్తాను. ఒక్కటి తప్ప. దాని పేరు పైన్స్ దెయ్యం. ఉండేది మర్రిచెట్టు మీద కాదు, లోహంలో!

లోహంలో ఎలక్ట్రాన్లు గుంపుగా తిరుగుతుంటాయని ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చదివి, పరీక్ష రాసి మర్చిపోయాం కదా. ఆ గుంపు ఒక్కోసారి అంతా కలిసి అలలా ఊగుతుంది. తిరునాళ్ళలో ఒక మూల తోసుకుంటే ఆ ఊపు అవతలి మూలకి పాకినట్టన్నమాట. దీన్ని ప్లాస్మాన్ అంటారు. ఒకచోట పోగైన ఆవేశం ఎలక్ట్రాన్లని గట్టిగా వెనక్కి నెడుతుంది కాబట్టి దీనికి శక్తి బాగా కావాలి. అల్యూమినియంలో అయితే సుమారు 15 ఎలక్ట్రాన్ వోల్టులు.

1956లో డేవిడ్ పైన్స్ ఇంకో రకం అలని ఊహించాడు. లోహంలో రెండు రకాల ఎలక్ట్రాన్లుంటే, ఒక రకం ఇటొచ్చినప్పుడు రెండో రకం అటు పోవచ్చు. లెక్క సరిపోతుంది, ఆవేశం ఎక్కడా పోగవదు. అందుకని చాలా తక్కువ శక్తితోనే పుడుతుంది. కానీ అందుకే కాంతికి చిక్కదు కూడా. దానికాయన పెట్టిన పేరే ‘డెమన్’.

67 ఏళ్ళ తర్వాత, 2023లో అది దొరికిందని ప్రకటించారు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని పీటర్ అబ్బమోంటే బృందం, క్యోటో వాళ్ళతో కలిసి స్ట్రాన్షియం రుథినేట్ అనే స్ఫటికాన్ని పరీక్షించింది. పద్ధతి వినడానికి తేలికే. స్ఫటికం మీదికి ఎలక్ట్రాన్లని కొట్టి, తిరిగొచ్చినవి ఎంత శక్తి పోగొట్టుకున్నాయో, ఏ కోణంలో వచ్చాయో కొలవడం.

తమాషా ఏంటంటే వాళ్ళు దెయ్యాన్ని వెతకనేలేదు. కొలతల్లో సెకనుకి సుమారు లక్ష మీటర్ల వేగంతో పోయే అలొకటి కనబడింది. అణువుల కంపనం అనుకుందామంటే వేగం మరీ ఎక్కువ. మామూలు ప్లాస్మాన్ అనుకుందామంటే శక్తి మరీ తక్కువ. డెమనేమో అన్న మాట మొదట్లోనే వచ్చిందట గానీ నవ్వుకుని ఊరుకున్నారు. తర్వాత ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ పోతే, నవ్వుకున్నదే మిగిలింది. సిద్ధాంతం లెక్కలు కూడా కుదిరాయి. పైన్స్ మాత్రం 2018లోనే పోయాడు, చూడలేదు.

నన్ను పట్టుకున్నది ఫిజిక్సు కంటే ఈ ‘కొట్టేసుకుంటూ పోవడం’. ఇదివరకు నేను చేసిన ఒక ప్రాజెక్టులో, వారానికోసారి ఒక రీడింగు ఏ లెక్కకీ అందకుండా వచ్చేది. చూస్తానంటే మేనేజరు గారు "కస్టమరు కంప్లైంట్ చేశాడా? లేదుగా, క్లోజ్ చేసెయ్" అన్నారు. ఆయన తప్పనను. డెడ్‌లైన్లు ఆయనవి. అలాంటివి నూటికి తొంభై తొమ్మిది ఉత్త చెత్తే అయ్యుంటాయి కూడా.

కానీ చెత్తని తేల్చడానికైనా ఎవరో ఒకరు కూర్చుని చూడాలి కదా? "దీనివల్ల ఉపయోగమేంటి" అని ముందే అడిగే చోట ఆ కూర్చునే టైము ఎవరికీ దొరకదు. ఆ రీడింగేంటో నాకు ఇప్పటికీ తెలీదు. దాన్ని వదలకుండా చూసే వీలు అక్కడ వాళ్ళకుంది. అందుకే వాళ్ళంటే కొంచెం కుళ్ళు నాకు.