వాన పడిందా?

కార్తీక పున్నమి దాటిన మూడో రోజు గూడూరులో నా దగ్గరికి ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని తీసుకొచ్చారు. తల ఓ పక్కకి వాల్చి, చెవి మీద చెయ్యి పడనివ్వడు. "తూపిలిపాలెం సముద్రంలో మునిగొచ్చినాం సార్, ఆ రాత్రి నుంచే" అంది తల్లి. చెవి ముందుండే చిన్న మిట్టను వేలితో నొక్కగానే కెవ్వుమన్నాడు. చెవి గొట్టంలో చర్మం వాచింది. చుక్కల మందు రాసి, తడి తగలనివ్వొద్దన్నాను.

"మునిగే ముందు వాన పడిందామ్మా?"

రెండు రోజులు పడిందట. బీపీ చూసినంత అలవాటుగా ఈ మాట అడుగుతాను. మాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. పుణ్యస్నానాలూ అప్పుడే. ఊళ్ల మురుగు, పేడ, రొయ్యల గుంటల నీళ్లు కాలవలు పట్టుకుని ఏటి మొగకు చేరేదీ అప్పుడే. పెద్ద వాన కురిస్తే రెండు మూడు రోజులు సముద్రంలో దిగొద్దని చాలా దేశాల్లో చెప్తారు. మనకేమో పున్నమి ఆగదు!

సముద్రస్నానపు నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 100 మిల్లీలీటర్లకు 100 మల కోలిఫారం క్రిముల దగ్గర గీత గీసింది. 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కిన విశాఖ రుషికొండ లాంటి చోట నీళ్ల ఫలితాలు బోర్డు మీద పెట్టాలి. మంచిదే. కానీ క్రిములు పళ్లెంలో పెరగడానికి ఓ రోజు పడుతుంది, యూరిన్ కల్చర్‌కి లాగే. బోర్డు మీద చదివేది ఎప్పుడూ గడిచిపోయిన నీళ్ల జాతకమే.

ఆ పరీక్షకి అసలు చిక్కనివీ ఉన్నాయి. షుగరూ, తాగుడూ ఉన్న ఒకాయనకి మొగ దగ్గర ఆల్చిప్ప గీరుకుంది. తెల్లారేసరికి కాలు మోకాలి దాకా ఉబ్బి, నల్లటి బొబ్బలు లేచాయి. బీపీ జారిపోతోంది. యాంటీబయాటిక్ వేసి నెల్లూరు పంపాను. కాలు నిలిచింది, రెండు వేళ్లు పోయాయి. కల్చర్‌లో విబ్రియో వల్నిఫికస్ అనే క్రిమి పెరిగింది. అది మురుగు తెచ్చేది కాదు, వెచ్చటి ఉప్పదనపు నీళ్లే దాని ఇల్లు. కోలిఫారాలు సున్నా వచ్చినా అది ఉండొచ్చు. లివర్ చెడినవాళ్లకి చిన్న గాటు చాలు.

పోయిన కార్తీకంలో ఓ పెద్దాయన "మైపాడు పోయి మునగొచ్చా సార్?" అని అడిగాడు. షుగర్ రిపోర్టు పక్కన పెట్టి చెప్పులు విప్పమన్నాను. మడమల్లో వేలి గోరు దూరేంత పగుళ్లు.

"ఈ ఏటికి చెంబుతో నెత్తిన చల్లుకోండి నాయనా."

"ఆ నీళ్లు కాళ్ల మీదకి కారవా సార్?" అన్నాడు. నిజమే, నాకు తట్టలేదు.