బరువు ఒక్కటే కాదు, పిక్కలు కూడా చూడండి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో ముసలివాళ్లున్న అందరికీ పనికొస్తుంది.

మాది పాడేరు ఏజెన్సీ. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదటివాణ్ణి. నిరుడు మా అమ్మమ్మ తుంటి ఎముక విరిగి 34 రోజులు పెద్దాసుపత్రిలో ఉంది. సెలవులు కదా, తోడుగా నేనే ఉన్నాను. ఆపరేషన్ బాగానే అయింది, ఎముక అతికింది. కానీ గెడ్డ నుంచి బిందెతో నీళ్లు మోసిన మనిషి, ఇంటికొచ్చాక గుమ్మం దాటాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. కాళ్లలో కండ పోయింది.

కాటా మీద మాత్రం 2 కిలోలే తగ్గింది. ఒంట్లో నీరు చేరితే కండ కరిగిన సంగతి బరువులో కనపడదు. 2007లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. సగటున 67 ఏళ్ల ఆరోగ్యవంతుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచారు. మామూలుగా తింటూనే, ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ పోయింది. ఇక జబ్బుతో నెల పడుకున్నవాళ్ల సంగతేంటి?

తిండి విషయం చూడండి. జబ్బు పడ్డ పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. 40 కిలోల మనిషికి 48 నుంచి 60 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. ఆ గుడ్డు కూడా అమ్మమ్మ నా చేతిలో పెట్టేది, "చదువుకునేవాడివి, నువ్వు తినరా" అని. పళ్లు లేవు, గట్టి అన్నం నమల్లేదు. ఆ మాట నర్సమ్మకి తెలుగులో చెప్పుకోవడం రాదు. పళ్లెం సగం అలాగే వెనక్కి పోయేది.

మీవాళ్లు ఆసుపత్రిలో ఉంటే ఇవి చేయండి:

పిక్క లావుగా ఉన్నచోట టేపుతో కొలవండి. 31 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే డాక్టరుకి చెప్పండి. కాళ్లు వాచి ఉంటే ఈ కొలత నమ్మొద్దు.

పళ్లెంలో ఎంత మిగిలిందో రోజూ రాసిపెట్టండి. మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, పాలు, ఉలవకట్టు కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. కిడ్నీ జబ్బుంటే ముందు డాక్టర్ని అడగాలి.

డాక్టరు సరేనంటే రోజూ కూర్చోబెట్టండి, నిలబెట్టండి. తిండి ఒక్కటే చాలదు, కండకి పని కావాలి.

మన పెద్దోళ్లు ఆకలని నోరు తెరిచి అడగరు. వాళ్ల భాష, వార్డులో భాష రెండూ తెలిసింది మనకే. వాళ్ల తరఫున మనమే అడుగుదాం.