మరుసటి దినం పొయ్యి అంటించిందెవరు?

ఆ పెద్దాయన కుడిచేతి బొటనవేలు చివర చర్మం గట్టిపడి నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి తెగిన ఫిల్ము అతికించిన వేలు అది. బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కను రెండు సన్నటి పట్టీలుగా చించి, ఒకదాని అంచు మీద ఇంకోదాని అంచు వాల్చి, ఆ వేలితో అదిమి చూపించాడు. "ముందు బ్లేడుతో పైపూత గీకాల సార్. గట్టిగా గీకితే చిరిగిపోతాది. గీకినంత మేర సిమెంటు పూసి, బొక్కకు బొక్క సరిపెట్టి ఇట్ల పట్టుకోవాల. కింద జనం అరుస్తాంటారు. చెయ్యి మాత్రం వణక్కూడదు."

కడప జిల్లాలో ఒక సింగిల్ స్క్రీన్ థియేటరు గోడ పక్కనున్న బజ్జీల అంగడి ఇది. హాలు పేరు, ఊరి పేరు రాయొద్దన్నారు అక్కడి వాళ్ళు, రాయను. ఫస్ట్ షో వదిలిన దగ్గర్నుంచి సెకండ్ షో బెల్లు కొట్టే దాకా ఈ అంగడి ముందు బెంచీల మీద జరిగే మాటలు వినడానికే వచ్చాను. సీమలో సినిమా పిచ్చోళ్ళు ఏం మాట్లాడుకుంటారో రాసుకురమ్మని మా సంపాదకుడు పంపించాడు.

నిజానికి కర్నూల్లో మొదలైంది ప్రయాణం. కొండారెడ్డి బురుజు దగ్గర డిగ్రీ చదివే పిల్లలు కొందరు 'ఒక్కడు' గురించి మాట్లాడుకుంటున్నారు. 2003 సంక్రాంతికి ఆ సినిమా వచ్చేనాటికి వీళ్ళలో సగం మంది పుట్టనే లేదు. 2023 జనవరిలో మళ్ళీ విడుదల చేసినప్పుడు హాల్లో చూశారట. హీరో విలన్‌ను కొట్టే చోటు ఇదేనని, కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో కొలతలు వేసి మరీ చూపిస్తున్నారు. అంతలో సన్నగా ఉన్న ఒక పిల్లోడు అన్నాడు: "ఆ సినిమాలో చార్మినార్ సెట్టు, బురుజు నిజం. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' వచ్చేటప్పటికి బురుజు గూడా సెట్టే అయిపాయ. హైదరాబాదులోనే ఏసినారు. ఇంగ మా ఊరికి వాళ్ళు రావాల్సిన పనే ల్యాకపాయ." మిగతావాళ్ళు ఒక్క క్షణం ఏమీ అనలేదు. ఆ మాట వాడు బాధతోనే అన్నాడు.

కర్నూలు నుంచి కె.సి. కాలువ పోయే దిక్కుకే బస్సూ పోతుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు. దారి పొడుగునా గోడల మీద రంగులు వెలిసిన పోస్టర్లు, కల్యాణ మండపాలుగా మారిన పాత హాళ్ళు. వాటి గురించి రాయాలనుకున్నవన్నీ ఈ బెంచీ దగ్గరికి వచ్చేసరికి పక్కన పెట్టేశాను.

పెద్దాయన ఆపరేటర్‌గా చేరింది కార్బన్ల కాలంలో. రాగి పూత పూసిన రెండు కార్బన్ పుల్లల మధ్య మెరుపు పుట్టించి ఆ వెలుతురుతో బొమ్మ వేసేవాళ్ళు. పుల్లలు కాలేకొద్దీ మధ్య ఎడం పెరుగుతుంది, బొమ్మ పసుపు తిరుగుతుంది. నల్లద్దంలోంచి చూస్తూ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది, సెకనుకు 24 ఫ్రేములు. రెండు మిషన్లు పక్కపక్కన ఉంటాయి. రీలు చివర్లో తెర కుడివైపు పైమూల చిన్న చుక్క పడుతుంది, దానికి రెండో మిషను మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. దానికి బొమ్మ మార్చాలి. "ఆ రెండు చుక్కలు మా కోసరమే సార్. కిందున్నోళ్ళకు కనపడితే నేను పని సరిగ్గా చేయనట్టే" అన్నాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి గాల్లో ఒక మీటను పట్టుకుని ఉంది, కుడిచెయ్యి ఇంకోదాన్ని. మిషన్లు తీసేసి ఏళ్ళయినా చేతులకు ఆ ఎడం గుర్తుంది.

నన్ను పట్టి నిలబెట్టింది ఆ నైపుణ్యం ఒక్కటే కాదు. పెద్దాయన సినిమా చూసిన తీరు. క్యాబిన్ కిటికీలోంచి ఆయనకు తెర ఎంత కనపడేదో జనం తలలూ అంతే కనపడేవి. ఏ పాటకు బీడీలకు లేస్తారు, ఏ మాటకు నేల టికెట్టు వాళ్ళు ముందుకు వంగుతారు, ఏ చావుకు ఆడవాళ్ళ బెంచీల్లో ముక్కు చీదే చప్పుడు వస్తుంది, అన్నీ రీలు నంబరుతో సహా చెబుతాడు. మడత కుర్చీలు టపటప కొట్టుకుంటే సినిమా జారిపోతోందని లెక్క. రెండో వారంలో ఓనరు పిలిచి, జనం లేచే పాటను తీసేయమంటే, ఎక్కడ కోసి ఎక్కడ అతికిస్తే కథ తెగదో ఆలోచించింది ఈయనే. సినిమా మీద ఇంతకంటే దగ్గరి చదువు ఏముంటుంది? ఒక్కో సినిమాను రోజుకు నాలుగు ఆటలు, వారాల తరబడి, జనంతో కలిపి చూసినవాడు. ఆయనను ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూర్చోబెట్టి రాసుకోలేదు.

ఇప్పుడు సినిమా డిజిటల్‌గా వచ్చి సర్వర్లో కూర్చుంటుంది. తాళం లాంటి పాస్‌వర్డు పడితే టైముకు దానంతటదే మొదలవుతుంది. బొమ్మ గీత పడదు, పసుపు తిరగదు, మంచిదే. కానీ హాల్లో జనాన్ని చూడటం తన పనిలో భాగమైన మనిషి ఇప్పుడు లేడు. ఉదయం ఆట సగం కాకముందే తీర్పు ఫోన్లలోకి వచ్చేస్తోంది. ఈ ఊళ్ళో టికెట్టు కొన్నవాడు ఏమనుకున్నాడో దాకా ఎవరూ ఆగడం లేదు.

ఫస్ట్ షో వదిలింది. బెంచీలు నిండాయి. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, ఇద్దరు ఆటోవాళ్ళు, పత్తి మిల్లులో పనిచేసే కుర్రాడు, వాడి స్నేహితులు. హెడ్మాస్టరు గారు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నవల చదివారు. కరువుకు గొర్రెలను తోలుకొని నల్లమల ఎక్కిన కాపరుల కథ, రాసినాయన ఈ జిల్లావాడే. 2021లో క్రిష్ సినిమాగా తీశారు. "పుస్తకం చదువుతాంటే నా నాలిక పిడచ కట్టుకపోయింది. సినిమా చూస్తాంటే అడవి బాగుందే అనిపించింది. అడవి బాగుండటమే తప్పు నాయనా ఆ కథలో" అన్నారాయన. ఎంత మంచి విమర్శ! పెద్దాయన ఒప్పుకోలేదు. "దప్పిక తెర మీద ఎట్ల చూపిస్తావు సార్? మూతి ఎండినట్టు రంగేస్తే సరిపోదు. చూసేటోనికి దప్పిక కావాల, వాడేమో కూల్‌డ్రింకు పట్టుకొని కూసుంటాడు."

మాట ఫ్యాక్షన్ సినిమాల మీదికి తిరిగింది. ఇక్కడ తిరగకుండా ఎట్లా ఉంటుంది? 'ప్రేమించుకుందాం రా' 1997, 'సమరసింహారెడ్డి' 1999, 'నరసింహనాయుడు' 2001, 'ఇంద్ర', 'ఆది', 'చెన్నకేశవరెడ్డి' మూడూ 2002లోనే. అయిదారేళ్ళలో సీమ అంటే సుమోల వెనక లేచే దుమ్ము అని తెలుగువాళ్ళందరికీ అర్థమైపోయింది. కుర్రాళ్ళకు ఆ సినిమాలంటే ఇప్పటికీ ఇష్టమే, దాచుకోరు. జయప్రకాశ్ రెడ్డి పేరు వస్తే అందరి మొహాలూ వెలిగాయి. సిరివెళ్ళ మనిషి, లెక్కల మాస్టారుగా చేసినవాడు, సీమ మాటను సీమ మాటలాగే పలికినవాడు. "మన మాట తెర మీద ఇనపడితే ఒళ్ళు పులకరించేది" అన్నాడొక ఆటో ఆయన. "కానీ మామా, ఆ మాట ఎప్పుడూ విలన్‌దే గదా. హీరో మన ఊరోడే అంటారు, మాట్లాడేది మాత్రం మన మాట కాదు" అన్నాడు మిల్లు కుర్రాడు.

అప్పటిదాకా బాణలి దగ్గర మిరపకాయలను పిండిలో ముంచుతున్న అంగడామె, తల తిప్పకుండానే అంది: "మొగోళ్ళు చచ్చేది రెండున్నర గంటలు చూపిస్తారు. మర్సరోజు ఆ ఇంట్లో పొయ్యి అంటించింది ఎవరో ఒక్కరన్నా చూపిచ్చినారా?"

ఎవరూ వెంటనే బదులివ్వలేదు. హెడ్మాస్టరు గారు 'అరవింద సమేత' గుర్తుచేశారు. 2018లో వచ్చిన త్రివిక్రమ్ సినిమా, పగ చాలించమని ఒక ముసలామె నోట చెప్పించిన సినిమా. "చూసినా సార్. జేజి మాట్లాడేది బాగుంది. కానీ అంత పెద్ద నరుకుడు అయినంక గదా ఆమెను మాట్లాడనిచ్చిండేది. ఈలలేసి ఏసి గొంతు పోయినోళ్ళు ఏం వింటారు?" అంది. ఆ తర్వాత 'బలగం' గురించి చెప్పింది. కూతురి ఫోన్లో చూసిందట. కాకి పిండం ముట్టని ఇంటి కథ అది, తెలంగాణ పల్లెల్లో రచ్చబండల దగ్గర తెరలు కట్టి ఊరంతా కలిసి ఏడ్చిన సినిమా. "మా మామ పోయినప్పుడు గూడా కాకి ముద్ద ముట్టల్యా. ఆయనకు మా ఆడబిడ్డ మీద మనసుండె. ఆమెను పిలిపిచ్చినాకనే ముట్టె. వాళ్ళది వాళ్ళు తీసుకున్యారు. మనది ఎవురు తీస్తారు?" చేతికి అంటిన పిండి చెంబు నీళ్ళలో కడుక్కుని, జాలిగంటెతో బజ్జీలు దేవింది. అవి నూనె కారిపోయే దాకా అట్లాగే ఎత్తి పట్టుకుని నిలబడింది.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఈ జిల్లా నుంచి పోయిన మనుషులు తెలుగు సినిమాకు ఇల్లు కట్టారు. పులివెందుల దగ్గర కొత్తపల్లి నుంచి బి.ఎన్. రెడ్డి పోయారు, పొట్టిపాడు నుంచి ఆయన తమ్ముడు నాగిరెడ్డి పోయారు, పక్కనే తాడిపత్రి నుంచి కె.వి. రెడ్డి పోయారు. 'మల్లీశ్వరి', 'పాతాళభైరవి' ఒకే ఏడాది, 1951లో. అన్నకు 1974కి, తమ్ముడికి 1986కి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం. చిత్తం మీద పట్టూ, చేసే పని మీద ఓపికా ఈ ఎండినేలలో ఎట్లా పండాయో వాళ్ళ సినిమాలు చూస్తే తెలుస్తుంది. అలాంటి చోట, ప్రేక్షకులకు ఇంత పదునైన చూపు ఉంటే, దాన్ని టికెట్ల వసూళ్ళ పట్టికలో సీమకు పెట్టిన 'సీడెడ్' అనే ఒక్క గడిలో వేసి వదిలేశాం. సీడెడ్‌లో ఎంత వచ్చిందని అడుగుతారు. సీడెడ్‌లో ఏమన్నారని ఎవరూ అడగరు.

జనం మాటను వెతికి రాసుకునే పని ఈ గడ్డకు కొత్తదేమీ కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, జనం నోళ్ళలో ఉన్న వేమన పద్యాల ప్రతులను వెతికించి, సొంత డబ్బుతో బంగళాలో పండితులను కూర్చోబెట్టి రాయించాడు. 1829లో అచ్చు వేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. అదే ఊళ్ళో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ఒక రికార్డరు, ఇద్దరు విద్యార్థులు చాలు. కర్నూలు, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, రాజంపేటల్లో బతికున్న ఆపరేటర్లను, గేటుకీపర్లను, రీళ్ళ పెట్టెలు సైకిలు మీద ఒక హాలు నుంచి ఇంకో హాలుకు చేరవేసిన వాళ్ళను, ఈ అంగడామె లాంటి వాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. ఏం చూశారు, ఎక్కడ లేచిపోయారు, ఎందుకు ఏడ్చారు? ఆపరేటర్లలో చాలామందికి డెబ్బై దాటింది. ఇది వచ్చే ఏడాది చేద్దామనుకునే పని కాదు.

ఈ మాటలన్నీ పెద్దగానే అన్నాను. పెద్దాయన విన్నాడు గానీ ఆయన మనసు ఇంకా ఆమె అడిగిన దాని మీదే ఉంది. "అయితే ఆ సినిమా యాడ మొదలుపెడతావు మ్మా?" అన్నాడు.

"నీళ్ళ ట్యాంకరు కాడ" అంది వెంటనే, ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నట్టు. "తెల్లారి నాలుగింటికి. మొగుడు పోయినామె బిందె వరసలో ఉంటాది. చంపినోని పెండ్లాం బిందె గూడా అదే వరసలో ఉంటాది. ట్యాంకరు ఒకటే గదా."

"రెండో రీలుకు లేస్తారు" అన్నాడు ఆటో ఆయన.

"లెయ్యరు" అన్నాడు పెద్దాయన. "బిందెలు రెండూ పక్కపక్కకు వచ్చే దాకా లెయ్యరు. ఇంటర్వెల్ ఆడ పడాల."

"వద్దు, ఆడ కాదు" అని ఆమె గరిట పక్కన పెట్టింది. హెడ్మాస్టరు గారు బెంచీ మీద ముందుకు జరిగారు. సెకండ్ షో బెల్లు కొట్టినా కుర్రాళ్ళు లేవలేదు. ఇంటర్వెల్ ఎక్కడ పడాలన్న దాని మీద అందరూ ఒకేసారి మాట్లాడసాగారు.