పాకలో పశువు ఉన్నన్నాళ్లూ...

తెల్లవారుజామున నాలుగయ్యేసరికి ఆ ఇంట్లో దీపం వెలుగుతుంది. కోడలు పేడ ఎత్తి పాక ఊడుస్తుంది. అత్తగారు గేదెలకు కుడితి పెడుతుంది. కొడుకు పాలు పితికి కేంద్రానికి తీసుకెళ్తాడు. పెద్దాయన చేను గట్టుకు బయల్దేరతాడు. ఉండి దగ్గర మూడెకరాలు, రెండు గేదెలు, ఓ ఆవు... అదీ వాళ్ల ఆస్తి.

గట్టుకు అటువైపు ఒకప్పుడు వరిచేలే. ఇప్పుడన్నీ చేపల చెరువులు. చెరువుకిస్తే ఏటా కౌలు చేతికొస్తుంది. తుపానుకు చేను పడిపోతుందన్న బెంగ ఉండదు.

'మనమూ ఇచ్చేద్దాం నాన్నా' అన్నాడు కొడుకు ఓరోజు.

పెద్దాయన కోప్పడలేదు. 'ఇచ్చేద్దాంరా. మరి గేదెలకు గడ్డెక్కడ కోద్దాం?' అన్నాడు.

సేంద్రియ సాగు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వరిగడ్డి పశువుకు మేత. పేడ చేనుకు ఎరువు. దాళ్వా వెయ్యని ఏడాది, సార్వా కోతకు ముందు తేమ మీద చల్లిన పిల్లిపెసర కొంత మేతకు, మిగిలింది కలియదున్నడానికి. ఇక జీవామృతం సరేసరి. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి 48 గంటలు నీడలో పులియబెట్టాలి. అది ఎకరానికి సరిపోతుంది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఊరూరా చెబుతున్నదీ ఇదే.

చెప్పినంత తేలికేం కాదు. మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గింది. మిషనుతో కోయిస్తే గడ్డి నలిగి బురదపాలవుతుంది, మనుషులతో కోయిస్తే కూలి తడిసి మోపెడు. పక్క చెరువు ఊట చేలోకి దిగుతుంది. దాన్ని మళ్లించడానికి గట్టు వెంట బోదె తవ్వుకోవాలి. చుట్టాలింట పెళ్లికెళ్లినా పాలవేళకు ఎవరో ఒకరు ఇంటికి చేరాల్సిందే!

అయినా పెద్దాయన లెక్క ఒక్కటే. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. ఒకసారి చెరువు తవ్వాక అది మళ్లీ చేను కావడం కష్టం. మేత లేకపోతే పశువు ఉండదు. పశువు పోతే ఎరువు కొనాల్సిందే. అలా ఒక్కో ముడీ ఊడిపోతుంది.

కొడుకు ఆలోచించాడు. 'సరే, ఈ ఒక్క ఏడాదీ చూద్దాం' అన్నాడు.

ఆ మాటని నాలుగేళ్లయింది. మొన్న సంక్రాంతికి పాకలో మరో గుంజ పాతింది అతనే.